షౌక్ గుర్రానికి వకాల్తా ఎవరిది?

ధర్మసాగర్ దారిలో మా దోస్తుకు ఒక మామిడితోట ఉంది. తోటలో ఒక ఆడ గుర్రం కూడా ఉంది. దాంతో ఆయనకు రూపాయి ఆదాయం లేదు. పెళ్లిళ్లకు పంపడు, రేసుకు పంపడు, బండికి కట్టడు. ఆదివారం పొద్దున చెరువు కట్ట మీద ఒక చక్కర్ కొట్టి, ఒళ్లు మాలిష్ చేయించి, ఉలవ గుగ్గిళ్లు దగ్గరుండి తినిపించి మురిసిపోతాడు. ఎందుకింత ఖర్చని ఎవరన్నా అడిగితే ఒకటే మాట: షౌక్.

పోయిన చలికాలం దాని ముక్కు కారింది. జలుబే అనుకున్నారు, జలుబే అయింది కూడా. నాలుగైదు రోజుల్లో తగ్గిపోయింది. కానీ ఆ నాలుగైదు రోజులు ఆయన పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. గ్లాండర్స్ అనే గుర్రాల అంటురోగం గురించి ఎక్కడో చదివాడట. అర్ధరాత్రి ఫోన్ చేశాడు. రోగ లక్షణాలు అడుగుతాడనుకున్నాను. ఆయన అడిగింది వేరు: "ఒకవేళ అదే అయితే, నన్ను అడిగేటోళ్లు ఎవరు? నా దిక్కు మాట్లాడేటోళ్లు ఎవరు?"

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత వెతికితే, ఈ ప్రశ్న మన ఊరిదే కాదని, దీని మీద ఒక దేశపు పార్లమెంటులో ఏళ్ల తరబడి పంచాయితీ నడిచిందని తెలిసింది. ఆ కథకు తర్వాత వస్తాను. ముందు రోగం సంగతి.

గ్లాండర్స్ ఒక బ్యాక్టీరియా వల్ల వస్తుంది. గుర్రం, గాడిద, కంచర గాడిద దీనికి బలి. ముక్కులో పుళ్లు పడి చీమిడి కారుతుంది, చర్మం మీద కణుపులు లేచి పగులుతాయి, ఊపిరితిత్తులు పాడవుతాయి. టీకా లేదు. పశువుకు వైద్యం చేయడానికి అనుమతి లేదు, ఎందుకంటే పైకి నయమైనట్టు కనిపించిన గుర్రం కూడా రోగాన్ని మోస్తూ తిరగగలదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇది మనిషికి అంటుతుంది. అందుకే రూఢి అయితే గుర్రాన్ని నొప్పి తెలియకుండా చంపి లోతుగా పూడ్చిపెడతారు. ఇది ఇవాళ్టి నిబంధనేం కాదు. బ్రిటిష్ వాళ్లు 1899లోనే దీని కోసం విడిగా ఒక చట్టం చేశారు. ఇప్పుడు దాని స్థానంలో 2009 నాటి పశువుల అంటురోగాల నివారణ, నియంత్రణ చట్టం ఉంది.

ఆ చట్టంలో యజమానికి ఒక పాత్ర ఉంది. అనుమానం వస్తే గ్రామ అధికారికో పంచాయతీ బాధ్యుడికో చెప్పాలి. అక్కడి నుంచి పశువైద్యుడికి, జిల్లా పశువైద్య, పశుసంవర్ధక శాఖ అధికారికి చేరుతుంది. రక్తం నమూనా హర్యానాలోని హిసార్‌కు, జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పోతుంది. పాజిటివ్ అని తేలితే ఆ ప్రాంతాన్ని నియంత్రిత ప్రాంతంగా ప్రకటిస్తారు, గుర్రాలు కదలడం ఆగిపోతుంది. ఈ గొలుసులో యజమాని మొదటి లంకె. చెప్పే బాధ్యత ఆయనది. చెప్పిన తర్వాత మాత్రం ఆయన్ని అడగాల్సిన అవసరం ఎవరికీ లేదు.

కదలికలు ఆగడమంటే ఎంత మేర అన్నది చూద్దాం. 2019 నాటి జాతీయ కార్యాచరణ ప్రణాళికలో రోగం దొరికిన చోటు చుట్టూ 5 కిలోమీటర్లు రోగ ప్రాంతం, 25 కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతం. 25 కిలోమీటర్లు అంటే చిన్నగా అనిపిస్తుంది గానీ, వృత్తం వైశాల్యం లెక్కేస్తే 1,960 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. హనుమకొండ చౌరస్తాలో కంపాస్ గుచ్చి గీస్తే కాజీపేట, ధర్మసాగర్, మామునూరు, గీసుగొండ, ఆత్మకూరు, ఐనవోలు అన్నీ లోపలే. 2025లో ఈ ప్రణాళికను సవరించి రోగ ప్రాంతాన్ని 2 కిలోమీటర్లకు, నిఘా ప్రాంతాన్ని 10 కిలోమీటర్లకు తగ్గించారు. అంటే సుమారు 314 చదరపు కిలోమీటర్లు, పాతదాంట్లో ఆరో వంతు కన్నా తక్కువ. మా దోస్తు లాంటి వాళ్లకు ఇది పెద్ద ఊరట. కానీ దీని కోసం ఆయన ఎక్కడా దరఖాస్తు పెట్టలేదు, ఎవరినీ కలవలేదు. మనకు ప్రతినిధి లేకపోయినా నిబంధన మనకు అనుకూలంగా మారవచ్చు. ప్రతికూలంగా మారినా అంతే నిశ్శబ్దంగా మారుతుంది.

గుర్రాల వాళ్లంతా ఒకటి కాదు

దేశంలో గుర్రాలు తగ్గిపోతున్నాయి. 2012 పశుగణనలో గుర్రాలు, పోనీలు కలిపి 6 లక్షల 25 వేలు ఉంటే, 2019 నాటికి 3 లక్షల 40 వేల చిల్లరకు పడ్డాయి. ఏడేళ్లలో సగానికి సగం పోయినట్టే. కాజీపేట స్టేషన్ ముందు జట్కాలు నిలిచిన రోజులు గుర్తున్నవాళ్లకు ఈ అంకె చెప్పనక్కర్లేదు.

మిగిలిన ఈ కాసిని గుర్రాల్లో కూడా నోరున్నవి, నోరులేనివి ఉన్నాయి. రేసు గుర్రాలకు మలక్‌పేటలో హైదరాబాద్ రేస్ క్లబ్ ఉంది. సైన్యం గుర్రాలకు వాటి కోసమే పనిచేసే పశువైద్య దళం ఉంది. పోటీల్లో దూకే గుర్రాలకు ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ ఉంది. ఇటుక బట్టీల గాడిదల కోసం, బండి గుర్రాల కోసం బ్రూక్ లాంటి స్వచ్ఛంద సంస్థలు పనిచేస్తున్నాయి. బరాత్ గుర్రాల వాళ్లకు సంఘమంటూ గట్టిగా లేకపోయినా ఒకరికొకరు తెలుసు, ముహూర్తాల సీజన్‌లో అందరూ ఒకే రోడ్డు మీద ఉంటారు.

షౌక్ గుర్రం వీటిలో ఏ గూటిలోనూ ఇమడదు. పోటీకి పోదు కాబట్టి ఫెడరేషన్‌కు తెలియదు. బరువు మోయదు కాబట్టి స్వచ్ఛంద సంస్థలకు పట్టదు. అసలు మాట ఏమిటంటే, షౌక్ గుర్రం ఆగితే ఏదీ ఆగదు. 2025 మేలో కేదార్‌నాథ్ యాత్ర దారిలో రెండు రోజుల్లో 14 గుర్రాలు, కంచర గాడిదలు చనిపోయినప్పుడు 24 గంటలు వాటి రాకపోకలు నిలిపేశారు. అది దేశమంతా వార్తయింది. ఎందుకంటే అవి ఆగితే కొండ మీదికి యాత్ర కుంటుపడుతుంది. 2018 మొదట్లో దిల్లీలో గ్లాండర్స్ బయటపడి గుర్రాల కదలికలపై ఆంక్షలు పెట్టినప్పుడు పెళ్లి ఊరేగింపుల గురించి జనం మాట్లాడుకున్నారు. తోటలో కట్టేసిన గుర్రం ఇంకో మూడు నెలలు తోటలోనే ఉంటే వార్త ఏముంది?

ఓరుగల్లు కాకతీయుల రాజధానిగా ఉన్న రోజుల్లో ఈ గొడవ లేదు. ఏనుగుల దళానికి గజసాహిణి, గుర్రాల దళానికి అశ్వసాహిణి అని పెద్ద హోదాలుండేవి. గుర్రం రాజ్యం ఆస్తి, దానికి రాజ్యమే వకీలు. షౌక్ అన్న మాటే అక్కడ పొసగదు.

సిడ్నీలో మొదలైన పంచాయితీ

ఇక ముందు చెప్పిన కథ. ఆస్ట్రేలియాలో 2007 దాకా గుర్రాల ఇన్‌ఫ్లుయెంజా లేదు. గుర్రాలకు టీకాలు కూడా లేవు. ఆ ఏడాది ఆగస్టులో విదేశాల నుంచి సంతానోత్పత్తి కోసం తెచ్చిన మేలుజాతి మగ గుర్రాలతో పాటు వైరస్ క్వారంటైన్ కేంద్రంలోకి దిగింది. అవి రేసు పరిశ్రమకు చెందినవి, కోట్ల ఖరీదు చేసేవి. క్వారంటైన్‌లో లోపాల వల్ల వైరస్ గోడ దాటింది. మాజీ హైకోర్టు జడ్జి ఇయాన్ కాలినన్ విచారణలో ఆ లోపాలన్నీ బయటపడ్డాయి (అక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టులాగా దేశపు అత్యున్నత న్యాయస్థానం). కానీ జబ్బు ముందుగా బయటపడింది రేసు లాయంలో కాదు, సిడ్నీలో జనం సరదాగా స్వారీ చేసే సెంటెనియల్ పార్కు గుర్రపుశాలలో. దూరదూరాలకు పాకడానికి పెద్ద కారణం మైట్‌లాండ్ అనే ఊళ్లో వారాంతంలో జరిగిన ఒక స్వారీ పోటీ. అక్కడికి వచ్చినవాళ్లలో ఎక్కువ మంది మా దోస్తు లాంటివాళ్లే. పోటీ ముగిశాక ఎవరి గుర్రాన్ని వాళ్లు ఎక్కించుకొని ఇంటికి పోయారు, వైరస్ కూడా వాళ్లతో పోయింది.

అలా ఎవరి లాభం కోసమో వచ్చిన గుర్రాలు తెచ్చిన రోగాన్ని ఏ లాభం లేనివాళ్లు ఊరూరా మోశారు. దేశమంతా గుర్రాల కదలికలు స్తంభించాయి. సుమారు 10 వేల చోట్లకు రోగం పాకింది. ప్రభుత్వం సాయం ప్రకటించింది, అయితే అది గుర్రాల మీద బతికే వ్యాపారులకు, కార్మికులకు. సరదా కోసం పెంచుకునేవాళ్ల ఖర్చు వాళ్లదే.

అసలు పేచీ ఆ తర్వాత వచ్చింది. ఆస్ట్రేలియాలో పశువుల అత్యవసర రోగాల మీద ప్రభుత్వాలకు, పశు పరిశ్రమలకు మధ్య ఒక ఒప్పందం ఉంది. సంతకం పెట్టిన పరిశ్రమకు నిర్ణయాల్లో మాట ఉంటుంది, ఖర్చులో వాటా కూడా ఉంటుంది. రెండూ ముడిపడి ఉంటాయి. 2007లో గుర్రాల రంగం ఇంకా సంతకం పెట్టలేదు. పెట్టాలంటే వాటా డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? 2008లో ప్రభుత్వం గుర్రం రిజిస్ట్రేషన్ మీద సుంకం వేద్దామని బిల్లు తెచ్చింది, సెనేట్ తోసిపుచ్చింది. లెక్కలో ఉన్నవాడి దగ్గర వసూలు చేసి, లెక్కకు రాని లక్షల మందిని వదిలేస్తే ఎట్లా? చివరికి 2011లో ఇంకో దారి దొరికింది. ఫ్యాక్టరీలో తయారైన గుర్రపు దాణా మీద, నట్టల మందు మీద సుంకం. రేసు గుర్రమైనా, పిల్లాడి పోనీ అయినా మేత మేయాల్సిందే, నట్టల మందు తాగాల్సిందే. సుంకాన్ని రోగం వచ్చేదాకా సున్నా దగ్గరే ఉంచారు. గుర్రపు పరిశ్రమల మండలి, రేసు సంస్థలు, స్వారీ క్రీడల సంస్థ కూడా అదే ఏడాది ఒప్పందంలో చేరాయి.

తెలివైన ఏర్పాటే. అయితే న్యాయమైనదా? షౌక్ గుర్రాల వాళ్లలో చాలామంది ఏ సంఘంలోనూ సభ్యులు కారు. మరి మండలి ఎవరి తరఫున సంతకం పెట్టినట్టు? దాణా బస్తాతో పాటు కొనుక్కున్న ప్రాతినిధ్యం అది. రేపు రేసు గుర్రాలతో మళ్లీ రోగం దిగితే, పిల్లలకు పోనీ కొనిచ్చిన తల్లి కూడా బస్తాకింత చొప్పున కడుతుంది. ఇంకో వైపు నుంచి చూస్తే, రోగాన్ని ఊరూరా మోసింది సరదా గుర్రాలే. వాళ్లను బయట ఉంచి రోగాన్ని ఆపడం కుదరదని అక్కడి ప్రభుత్వానికి కళ్లకు కట్టినట్టు తెలిసింది.

ఇందులో నాకు తోచింది ఒకటుంది. ప్రాతినిధ్యాన్ని మనం హక్కుల మాటగానే చూస్తాం. అంటురోగం దగ్గర అది ముందుగా సమాచారం మాట. ఎవరి గుర్రం ఎక్కడుందో తెలియకపోతే రోగం పటంలో ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ అంటే రోగం లేదని కాదు, అక్కడ ఎవరూ చూడలేదని అర్థం.

మన దగ్గర లెక్క వేరు

తెలంగాణలో ఇలాంటి ఒప్పందం లేదు. మనల్ని ఎవరూ ఖర్చులో వాటా అడగరు, నిర్ణయంలో మాట కూడా ఇవ్వరు. గ్లాండర్స్‌కు చంపిన గుర్రానికి పరిహారం 25 వేల రూపాయలు, గాడిదకు, కంచర గాడిదకు 16 వేలు. కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరిస్తాయి. మా దోస్తు గుర్రం మార్వాడీ జాతిది, లక్షల్లో కొన్నాడు. ఈ పరిహారం సంగతి విన్నప్పుడు ఆయన మొహం చూడాలి.

ఇక్కడ నేను ఆయన పక్షం కాదు. షౌక్ గుర్రానికి మార్కెట్ ధర కట్టివ్వమని ప్రభుత్వాన్ని అడగడం నాకు సబబుగా తోచదు. గాడిద మీద ఇటుక మోసుకుని బతికేవాడికి 16 వేలిచ్చి, తోటలో గుర్రం కట్టుకున్నవాడికి ఐదు లక్షలివ్వడం ఏ లెక్కన న్యాయం? షౌక్ ఉన్నవాడికి బీమా చేయించుకునే స్తోమత కూడా ఉంటుంది. అడగాల్సింది వేరే ఉంది. నమూనా హిసార్ పోయి ఫలితం వచ్చేదాకా ఏం జరుగుతోందో యజమానికి చెప్పాలి. ఆంక్ష ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో రాతపూర్వకంగా, తెలుగులో ఇవ్వాలి. పరిహారం ఎంతైనా, అది ఆలస్యం లేకుండా చేతికి రావాలి. వీటికి ప్రత్యేక చట్టం అక్కర్లేదు, జిల్లా స్థాయిలో ఒక కాగితం చాలు.

పరిహారం తక్కువైతే, ఆలస్యమైతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ముక్కు కారే గుర్రాన్ని రాత్రికి రాత్రి డీసీఎంలో ఎక్కిస్తారు. ఉత్తర తెలంగాణకు మహారాష్ట్ర పక్కిల్లు. కాళేశ్వరం దగ్గర నది దాటితే సిరొంచ. నిజామాబాద్, నిర్మల్ వైపు నుంచి నాందేడ్ జిల్లా మాళేగావ్ దగ్గర. అక్కడ ఖండోబా జాతరలో జరిగే గుర్రాల సంత పేరుమోసింది. ఖండోబా అంటే మన మల్లన్నే. కొమురవెల్లిలో, ఐనవోలులో బండారి చల్లించుకునే దేవుడికి అక్కడ ఆ పేరు. ఆయన వాహనం గుర్రమే. సంతలో వంద గుర్రాలు ఒకే తొట్టిలో నీళ్లు తాగుతాయి. గ్లాండర్స్ పాకడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

మా దోస్తు ఈ మాటకు అడ్డుపడ్డాడు. నా గుర్రం తోట దాటదు, సంతకు పోదు, నాకెందుకు ఈ బాధ అన్నాడు. నిజమే, గుర్రం దాటదు. మరి లాడాలు కొట్టేవాడు? మూడు నాలుగు జిల్లాలకు కలిపి ఆ పని తెలిసినవాళ్లు కొద్దిమందే. ఆయన పొద్దున కాజీపేటలో బరాత్ గుర్రం డెక్క పట్టుకొని, మధ్యాహ్నం తోటకు వస్తాడు. చేతులు అవే, సంచి అదే, ఆకురాయి అదే. బరాత్ గుర్రం ఇవాళ హనుమకొండలో, రేపు పరకాలలో, ఎల్లుండి నర్సంపేటలో ఉంటుంది. డీజే మోత మధ్య పెళ్లికొడుకును మోసి, ఏ ఫంక్షన్ హాల్ వెనకో దొరికిన బకెట్లో నీళ్లు తాగుతుంది. దాని రోగం తోట గేటు దాటదనుకోవడం అమాయకత్వం.

అందుకే ప్రాతినిధ్యం గురించి మాట్లాడేటప్పుడు షౌక్ గుర్రాల వాళ్లు తమకు విడిగా కుర్చీ అడగడం కన్నా, బరాత్ గుర్రాల వాళ్ల పక్కన కూర్చోవడం మేలని నా అభిప్రాయం. వాళ్లకు నష్టం ఎక్కువ. ముహూర్తాల నెలలో గుర్రం ఆగితే ఆ ఏటి సంపాదన పోయినట్టే. కానీ వాళ్లకు కలెక్టరేట్‌లో తెలిసినవాళ్లుండరు, దరఖాస్తు రాసేవాళ్లుండరు. షౌక్ గుర్రాల వాళ్లలో డాక్టర్లు, కాంట్రాక్టర్లు, వకీళ్లు ఉంటారు. ఒక్క ఫోన్ కొడితే పలికే అధికారి ఉంటాడు. నిజం చెప్పాలంటే వీళ్లకు ప్రాతినిధ్యం లేదు గానీ పలుకుబడి ఉంది. ఒక్కడి పని చేసుకోవడానికి పలుకుబడి చాలు. వంద గుర్రాల మధ్య రోగాన్ని ఆపడానికి అది ఎందుకూ పనికిరాదు.

పై వరుసలో ఉన్నవాళ్లు ఈలోగా తమ దారి చూసుకున్నారు. 2025 జులైలో మీరట్‌లోని సైనిక పశువైద్య కేంద్రాన్ని రోగరహిత అశ్వ ప్రాంగణంగా ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తించింది. ఇలాంటిది మన దేశంలో ఇదే మొదటిది. అక్కడి గుర్రాలు కఠిన నియమాల మధ్య, బయటి వాటితో కలవకుండా ఉంటాయి. బయట రోగమున్నా అవి విదేశీ పోటీలకు వెళ్లే వీలుంటుంది. క్రీడలకు మంచిదే, ఏళ్ల కష్టం దాని వెనక ఉంది. నా శంక ఒకటే. బలమున్న గొంతులకు గోడ లోపల చోటు దొరికాక, గోడ బయటి రోగం గురించి గట్టిగా అరిచేవాళ్లు ఎవరు మిగులుతారు?

ఇంతసేపు యజమానుల గురించే మాట్లాడాం. గుర్రం ముక్కు తుడిచేది యజమాని కాదు. మా దోస్తు తోటలో ఆ పని చేసే సాయీసు గుర్రం పక్కనే, దాణా బస్తాల గదిలో పడుకుంటాడు. చేతికి గీత పడితే దాని మీదే చీమిడి అంటుకుంటుంది. గ్లాండర్స్ మనిషికి వచ్చే దారి సరిగ్గా అదే. పరీక్షలు గుర్రానికి, పరిహారం యజమానికి, ఆంక్షల నోటీసు తోటకు. ఈ మనిషి పేరు ఏ కాగితం మీదా రాదు. షౌక్ గుర్రానికి ప్రాతినిధ్యం లేదని మనం బాధపడుతుంటే, ఆ బాధ వినిపించనంత దూరంలో ఈయన ఉన్నాడు. అనుమానం వచ్చిన రోజు గుర్రంతో పాటు సాయీసును కూడా డాక్టర్‌కు చూపించాలి. ఆ ఖర్చు యజమానిదే కావాలి. ఇందులో చర్చకేమీ లేదు.

చేయగలిగే పని ఏదంటే, మొదలు జాబితా. ఆవులకు, గేదెలకు చెవికి పసుపు ట్యాగ్, దాని మీద 12 అంకెల నంబర్ ఉంటుంది. వీధిలో బరాత్ గుర్రం చెవి చూడండి, ఏమీ ఉండదు. తోట గుర్రానికీ అంతే. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యం వాహనం వస్తుంది. ఎవరి గుర్రం ఎక్కడుందో ఒక జాబితా రాసి వాళ్లకిస్తే, రోగం వచ్చిన రోజు కబురు ఎవరెవరికి పంపాలో తెలుస్తుంది. అధికారులు మీటింగ్ పెడితే ఎవరిని పిలవాలో కూడా తెలుస్తుంది.

ఈ మాట విని మా దోస్తు హుషారయ్యాడు. ఒక రెండు వందల పేజీల నోటుబుక్ కొన్నాడు. కాజీపేట, గిర్మాజిపేట తిరిగి బరాత్ గుర్రాల వాళ్లతో చాయ్ తాగి వివరాలు రాసుకున్నాడు: గుర్రం రంగు, వయసు, కట్టేసే చోటు, లాడాలు కొట్టేదెవరు, సాయీసు ఫోన్ నంబర్. చేతిరాత బాగుంటుంది ఆయనది. పేజీలు తిప్పుతూ, నీ గుర్రం ఎక్కడ రాశావని అడిగాను. జాబితాలో పేరుంటే రేపు పరీక్షకు ముందు తన దగ్గరికే వస్తారేమోనని ఆయన భయం. నోటుబుక్ మూసి, ఆడ గుర్రం మెడ నిమురుతూ, రాస్తాలే అన్నాడు.